కిల్టు కట్టిన శాపగ్రస్తుడు: హైలాండ్ ప్రేమ నవలల్లో ఏది ఏ కాలానిది?

పారానార్మల్ రొమాన్స్, అంటే మంత్రాలూ అతీతశక్తులూ కలిసిన ప్రేమకథ, అన్న పేరుతో వచ్చే ఇంగ్లీషు నవలల్లో ఒక పెద్ద పాయ స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ, అంటే హైలాండ్స్ చుట్టూ పారుతుంది. ముఖచిత్రం చూడగానే పోల్చుకోవచ్చు: మంచు కమ్మిన కొండ, వెనక నిలువురాళ్ల వలయం, ముందు చొక్కా లేని వీరుడు, నడుముకు గళ్ల కిల్టు, రెండు చేతులతో ఎత్తితే గాని లేవని కత్తి. లోపలి కథకూ దాదాపు ఒకే అచ్చు. ఏనాడో డ్రూయిడ్, అంటే పాత కెల్టిక్ జాతుల పురోహితవర్గానికి చెందిన మాంత్రికుడో మంత్రగత్తో వీరుణ్ణి శపించి ఉంటారు. ఆ శాపం వల్ల అతనికి చావు రాదు, లేదా కోపం వచ్చినప్పుడల్లా ఒంట్లో దాగిన మృగం బయటపడుతుంది, లేదా వందల ఏళ్లు నిద్రపోయి మన కాలంలో కళ్లు తెరుస్తాడు. తనలోనూ డ్రూయిడ్ రక్తం ఉందని తెలియని ఒక యువతి అతని కంటపడుతుంది. చివరికి శాపం వీడుతుంది, ప్రేమ నిలుస్తుంది. రొమాన్స్ అన్న పేరు పెట్టుకున్నాక ముగింపు సుఖాంతం కాక తప్పదు; అది ఆ ప్రక్రియ పాఠకుడికి ముందే ఇచ్చిన మాట.

ఇవి చదివిన వాళ్లకు సహజంగా వచ్చే సందేహం ఇందులో నిజమెంత అన్నది. అంతా కట్టుకథ అని తోసిపుచ్చడం తేలిక, ప్రాచీన కెల్టిక్ సంప్రదాయమని నమ్మేయడం ఇంకా తేలిక. నా పరిశీలనలో తేలిందేమిటంటే, ఈ నవలల్లో చరిత్రగా కనిపించేదంతా వేర్వేరు యుగాల నుంచి తెచ్చి కుట్టిన బొంత, కేవలం కల్పనగా కనిపించే శాపానికి మాత్రం ఆ నేల మీదే లోతైన వేళ్లున్నాయి. ఈ బొంత కుట్లు ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

డ్రూయిడ్లతోనే మొదలుపెడదాం, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. డ్రూయిడ్లు తమ గురించి తాము ఒక్క అక్షరం రాసిపెట్టలేదు. మనకు తెలిసిందంతా వాళ్లను జయించినవాళ్లో, జయించినవాళ్ల పుస్తకాలు చదివినవాళ్లో రాసింది. గాల్ దేశం మీద, అంటే నేటి ఫ్రాన్సు మీద దండెత్తిన జూలియస్ సీజర్ తన యుద్ధ వృత్తాంతం ఆరో భాగంలో వీళ్లను వర్ణించాడు. యజ్ఞాలు జరిపించేవాళ్లు, తగవులు తీర్చేవాళ్లు వీళ్లే. వీళ్లకు పన్నులు లేవు, యుద్ధానికి వెళ్లనక్కర్లేదు. కొందరి చదువు ఇరవై ఏళ్లు సాగేది, అదంతా పద్యాలను కంఠస్థం చేయడమే, తమ విద్యను లిపిలో పెట్టడం తప్పని వాళ్ల నమ్మకం. చనిపోయాక ఆత్మ ఒక దేహం నుంచి మరో దేహానికి వెళుతుందని బోధించేవారట. వేదాధ్యయనం గురించి కొంతైనా విన్న తెలుగు పాఠకుడికి ఈ వర్ణన వింతగా తోచదు. యూరప్ పండితుల్లోనూ ఈ పోలిక చూసి ముచ్చటపడ్డవాళ్లు ఉన్నారు. అయితే సీజర్ చూపించిన డ్రూయిడ్ పురోహితుడు, న్యాయాధికారి, పండితుడు. మెరుపులు కురిపించే మాంత్రికుడు అతనిలో కనిపించడు. తెల్లని దుస్తులు, బంగారు కొడవలి, ఓక్ చెట్టు మీది బదనిక కొయ్యడం, రెండు తెల్లని ఎడ్లను బలివ్వడం లాంటివి క్రీ.శ. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాసిన ఒకే ఒక్క ఘట్టంలోవి. నేటి డ్రూయిడ్ బొమ్మ ముప్పాతిక భాగం అందులోంచే పుట్టింది.

మరి శాపాలు? వాటికీ ఒక ఆధారం ఉంది. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సేనాని సుటోనియస్ పాలినస్ మోనా దీవి మీద దాడి చేసినప్పటి దృశ్యాన్ని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ వర్ణించాడు. ఒడ్డున ఆయుధాలు పట్టిన జనం బారులు తీరి ఉన్నారు. వాళ్ల మధ్య నల్లబట్టలు కట్టి, జుట్టు విరబోసుకుని, కాగడాలు ఊపుతూ ఆడవాళ్లు తిరుగుతున్నారు. చుట్టూ డ్రూయిడ్లు చేతులు ఆకాశానికెత్తి ఘోరమైన శాపనార్థాలు పెడుతున్నారు. ఆ వింతకు రోమన్ సైనికులు కాళ్లూ చేతులూ పడిపోయినట్టు నిలబడిపోయారు. తర్వాత సేనాని మందలింపుతో తేరుకుని ముందుకు దూకారు, ఎదురొచ్చినవాళ్లను నరికారు, డ్రూయిడ్ల పవిత్ర వనాలను కూల్చేశారు. అంటే చరిత్రలో నమోదైన ఆ శాపం పనిచేసింది కొన్ని నిమిషాలే. ఇంకో సంగతి, మోనా అంటే ఈనాటి ఆంగ్ల్సీ, అది వేల్స్‌లో ఉంది. హైలాండ్స్ అక్కడికి వందల కిలోమీటర్ల ఉత్తరాన ఉన్నాయి. అదే టాసిటస్ తన మామ అగ్రికోలా ఉత్తరాన, నేటి స్కాట్లాండ్‌లో ఉండిన కలిడోనియన్లతో చేసిన యుద్ధాన్ని ఇంకో పుస్తకంలో విపులంగా రాశాడు గాని, అందులో డ్రూయిడ్ల ఊసే లేదు.

హైలాండ్స్‌లో డ్రూయిడ్ లాంటి మనిషి కనిపించేది ఆ తర్వాత అయిదు వందల ఏళ్లకు, అదీ ఒక క్రైస్తవ సాధువు చరిత్రలో. ఐర్లాండ్ నుంచి 563లో వచ్చిన కొలంబా అయోనా దీవిలో మఠం పెట్టాడు. ఆయన పోయిన సుమారు వందేళ్లకు అదే మఠాధిపతి అడోమ్నాన్ ఆయన మహిమలను లాటిన్‌లో గ్రంథస్థం చేశాడు. అందులో పిక్ట్ జాతి రాజు బ్రిడెయ్ కొలువులో, నెస్ నది ఒడ్డున, బ్రోయిఖాన్ అనే మాంత్రికుడు ఉంటాడు. అతని దగ్గర ఒక ఐరిష్ బానిస పిల్ల ఉంటుంది. ఆమెను వదిలిపెట్టమని కొలంబా అడుగుతాడు, అతను వినడు. వదలకపోతే నీకు చావు తప్పదని చెప్పి కొలంబా నది నుంచి ఒక తెల్లరాయి ఏరి తీసుకుంటాడు. అంతలో బ్రోయిఖాన్ తాగుతున్న గాజుపాత్ర చేతిలోనే పగిలి, అతను ఊపిరాడక పడిపోతాడు. పిల్లను వదిలేశాక ఆ రాయిని నీళ్లలో వేస్తే అది కాయలా తేలుతుంది, ఆ నీళ్లు తాగి బతుకుతాడు. తర్వాత కొలంబా ప్రయాణాన్ని ఆపడానికి బ్రోయిఖాన్ సరస్సు మీద గాలినీ చీకటినీ రప్పిస్తాడు గాని, సాధువు పడవ ఎదురుగాలిలోనే సాగిపోతుంది. అడోమ్నాన్ వాడిన లాటిన్ మాట ‘మాగుస్’. దాన్ని డ్రూయిడ్ అని అనువదించడం తరవాతివాళ్ల పని. ఇక్కడ శాపం లాంటి మాట పలికి నెగ్గించుకున్నది సాధువే అన్నది గమనించాలి. హైలాండ్ డ్రూయిడ్ గురించి కాస్త తొలికాలపు కథ కావాలంటే మనకు దొరికేది ఈ ఓడిపోయిన మనిషే.

అయితే భాషలో మాత్రం డ్రూయిడ్ బతికాడు. స్కాటిష్ గేలిక్‌లో ‘ద్రూయి’ అంటే డ్రూయిడ్, మాంత్రికుడు అన్న రెండర్థాలూ వస్తాయి. మంత్రవిద్యను పిలిచే మాట ఆ పదం నుంచి పుట్టిందే. మతం పోయినా, గద్దె మీద నుంచి దిగిన పురోహితుడు జానపద కథల్లో మాంత్రికుడిగా మిగిలాడు.

నిలువురాళ్ల సంగతి త్వరగానే తేల్చవచ్చు. లూయిస్ దీవిలోని కాలనిష్ రాళ్లు క్రీ.పూ. 2900, 2600 మధ్య నిలబెట్టినవి. అవి నిలిచి రెండు వేల ఏళ్లు గడిచాక గాని డ్రూయిడ్ అన్న మాట చరిత్రలో వినిపించదు. రాతివలయాలు డ్రూయిడ్ల గుళ్లన్న ఊహను 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రీ లేవనెత్తితే, 1740లో విలియం స్టూక్లీ పుస్తకం రాసి స్థిరపరిచాడు. నవలల్లో వీరుడు రాళ్లలోంచి కాలాన్ని దాటడం మాత్రం పూర్తిగా మన కాలపు సొత్తు. 1991లో వచ్చిన ‘అవుట్‌ల్యాండర్’ నవల తర్వాత దానికి అంతులేని అనుకరణలు వచ్చాయి.

కాలనిష్‌కు ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో స్టోర్నోవే అనే రేవుపట్టణం ఉంది. మన కైఫీయత్తులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1754లో పుట్టింది అక్కడే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఆయన ఊరూరి కరణాల దగ్గర నుంచి రాయించి తెచ్చిన వాటిలో రాజుల వంశావళి ఎంత ఉందో, శాపాలు, వరాలు, నిధులు, స్థలపురాణాలు అంత ఉన్నాయి. రాళ్లకూ కొండలకూ కథలు చెప్పుకునే సీమ నుంచి వచ్చిన మనిషికి అమరావతి దిబ్బ గురించి ఊరివాళ్లు చెప్పేది వినాలని అనిపించడంలో ఆశ్చర్యం లేదనుకుంటాను.

ఇక కిల్టు. పదహారో శతాబ్దం చివరి నుంచి హైలాండర్లు ఒంటికి చుట్టుకున్నది ఒక పెద్ద ఉన్ని దుప్పటి. సగం నడుముకు చుట్టి పట్టీ బిగించి, మిగతా సగం భుజం మీద వేసుకునేవారు. ముఖచిత్రాల్లో కనిపించే పొట్టి కిల్టు 18వ శతాబ్దంలో వచ్చింది. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల నమూనా ఉంటుందన్నది ఇంకా తరవాతి మాట. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానంలో, బ్రిటన్ సింహాసనం కోసం తిరగబడ్డ స్టువర్ట్ వంశపు రాకుమారుడి పక్షాన నిలిచిన హైలాండ్ సేన ప్రభుత్వ సైన్యం చేతిలో గంట తిరక్కుండానే చితికిపోయింది. ఆ వెంటనే చట్టం వచ్చింది: సైన్యంలో ఉన్నవాడు తప్ప హైలాండ్ వేషం వేస్తే మొదటి తప్పుకు ఆరునెలల జైలు, రెండో తప్పుకు ఏడేళ్ల ద్వీపాంతరం. 1782లో ఆ చట్టం ఎత్తేసే నాటికి వంశనాయకుల పెత్తనం పోయింది, భయపడటానికి హైలాండర్ దగ్గర ఏమీ మిగల్లేదు. అతను అందంగా కనిపించడం మొదలైంది సరిగ్గా ఆ మధ్యకాలంలోనే. 1760 నుంచి జేమ్స్ మ్యాక్‌ఫర్సన్ ఓసియన్ అనే ప్రాచీన గేలిక్ కవి పేరుతో విషాద వీరగాథలు ప్రచురిస్తే యూరప్ అంతా కన్నీరు పెట్టుకుని చదివింది, నెపోలియన్‌తో సహా. జానపద గేయాల ముక్కలకు ఆయన సొంత కవిత్వం చాలా కలిపాడని తరవాత తేలింది. 1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు స్వాగత సంబరాలు నడిపించిన నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఊరందరికీ టార్టాన్, అంటే గళ్ల బట్ట కట్టించాడు. స్థూలకాయుడైన రాజు కిల్టు కింద గులాబిరంగు మేజోళ్లు తొడిగి దర్శనమిచ్చాడు. నలభై ఏళ్ల కిందటి దాకా నేరమైన వేషం రాజుగారి పండగ దుస్తులైంది. నేటి నవలల వీరుడు కట్టేది ఆ 1822 నాటి కిల్టే, కథ జరిగేది ఏ శతాబ్దంలోనైనా సరే.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. ఈ నవలల్లో వీరులు పలికే ‘లాస్’, ‘కెన్’ లాంటి మాటలు దక్షిణాన లోలాండ్స్‌లో మాట్లాడే స్కాట్స్ భాషవి. హైలాండర్ల భాష గేలిక్, అది పూర్తిగా వేరే శాఖది. ఆదిలాబాద్ గోండు వీరుడి నోట గుంటూరు యాస పెడితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

వంశనాశనానికి, పేరు చెప్పుకోలేని బతుక్కి డ్రూయిడ్ల అవసరం లేకుండానే నిజమైన ఉదాహరణ ఉంది. 1603లో గ్లెన్ ఫ్రూయిన్‌లో మ్యాక్‌గ్రెగర్ వంశస్థులు కొల్హూన్‌లను ఊచకోత కోశాక, ఆరో జేమ్స్ రాజు ప్రభుత్వం మ్యాక్‌గ్రెగర్ అన్న పేరునే రద్దు చేసింది. ఆ పేరు మానుకోనివాడికి మరణదండన. వాళ్లు ఇతర వంశాల పేర్లు పెట్టుకుని కొండల్లో తలదాచుకున్నారు. ప్రఖ్యాతుడైన రాబ్ రాయ్ కూడా తల్లి ఇంటిపేరైన క్యాంప్‌బెల్‌ను వాడుకున్నవాడే. మధ్యలో కొంతకాలం సడలించినా, ఆ నిషేధం పూర్తిగా పోయింది 1774లో. తరాల తరబడి వెంటాడిన ఆ శాపం ముద్రవేసిన కాగితం మీద వచ్చింది.

ఇప్పుడు అసలు శాపం దగ్గరికి వద్దాం. గేలిక్ కథల్లో శాపానికి దగ్గరి మాట ‘గేస్’. ఇది మన శాపం, ఒట్టు రెండింటి మధ్యా ఉంటుంది. వీరుడి మీద ఒక నియమం వాలుతుంది. దాన్ని తప్పితే పతనమే. కూ హులిన్ అనే వీరుడికి కుక్కమాంసం తినరాదన్నది గేస్, ఎందుకంటే అతని పేరులోనే వేటకుక్క ఉంది. ఎవరైనా పొయ్యి దగ్గరికి పిలిచి పెడితే కాదనరాదన్నదీ గేసే. దారిలో ముగ్గురు ముసలమ్మలు కుక్కమాంసం వండి పిలిచినప్పుడు, ఏది పాటించినా రెండోది తప్పుతుంది. తిన్నాడు, ఆ చేయి చచ్చుబడింది, ఆ యుద్ధంలోనే పోయాడు. ప్రేమకథలోనూ ఇదే ఆయుధం. ఫియన్ అనే వృద్ధ నాయకుడికి పెళ్లి నిశ్చయమైన గ్రాన్యా అదే విందులో యువవీరుడు డియర్మిడ్‌ను చూసి, తనను తీసుకుపొమ్మని గేస్ పెడుతుంది. స్వామిభక్తికీ గేస్‌కూ మధ్య నలిగి అతను లేచిపోతాడు, ఏళ్ల తరవాత అడవిపంది చేతిలో చస్తాడు. ఐర్లాండ్ కథే అయినా హైలాండ్స్‌లో దీన్ని గ్లెన్‌షీ కొండల్లో జరిగినట్టు చెప్పుకుంటారు; క్యాంప్‌బెల్‌లు తాము డియర్మిడ్ సంతతి అంటారు.

ఒంట్లోని మృగానికీ మూలం కూ హులిన్ దగ్గరే ఉంది. కోపం పట్టినప్పుడు అతని దేహం చర్మం లోపలే తిరగబడుతుందని, ఒక కన్ను లోపలికి పోయి మరొకటి చెంప మీదికి వేలాడుతుందని, ఎదుట ఉన్నది స్నేహితుడో శత్రువో తెలియదని 12వ శతాబ్దం నాటికే రాతప్రతుల్లో ఉంది. పసివాడిగా ఉన్నప్పుడు ఒకసారి ఆ ఆవేశంతో సొంత కోట మీదికే వస్తాడు. కోటలోని స్త్రీలు రొమ్ములు చూపుతూ ఎదురు వెళితే సిగ్గుతో ముఖం దాచుకుంటాడు. ఆ క్షణంలో పట్టుకుని చన్నీళ్ల గోళెంలో ముంచుతారు. మొదటి గోళెం పగిలిపోతుంది, రెండోది పిడికిలంత బుడగలతో మరుగుతుంది, మూడోది గోరువెచ్చగా ఉంటుంది. అతను యుద్ధవిద్య నేర్చుకున్నది స్కై దీవిలో, స్కాహా అనే స్త్రీ దగ్గర. మృగంగా మారే వీరుణ్ణి స్త్రీ శాంతపరచడం ఇంగ్లీషు రచయిత్రుల కల్పన అనుకుంటే పొరపాటన్నమాట. మూడు గోళేలున్న ఈ పాత కథలో హాస్యం కూడా ఉంది, నవలల్లో అది సాధారణంగా కనబడదు.

చావు లేకపోవడమే శిక్ష కావడం తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అశ్వత్థామ మూడువేల ఏళ్లు నెత్తురూ చీమూ కారుతూ, పలకరించే మనిషి లేకుండా తిరగాలన్నది కృష్ణుడి శాపం. అయితే మన పురాణాల్లో శాపం సాధారణంగా గడువుతోనో, విమోచన మార్గంతోనో వస్తుంది. కాళిదాసు యక్షుడికి ఏడాది, జయవిజయులకు మూడు జన్మలు. ఇచ్చినవాడే ముగింపూ చెబుతాడు, శపితుడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. హైలాండ్ నవలలో గడువు ఎవరూ చెప్పరు. వీరుడికి విముక్తి ఉందనే తెలియదు, నాయికే దాన్ని కనిపెట్టాలి. ఉత్కంఠంతా ఆ తేడాలోనే ఉంది.

హైలాండ్స్‌లో శాపం ఎలా తయారవుతుందో చూపే కథ బ్రాహన్ జోస్యుడిది. సీఫోర్త్ ప్రభువు పారిస్‌లో పరస్త్రీతో ఉన్నాడని చెప్పినందుకు ఆయన భార్య కెన్నెత్ అనే జోస్యుణ్ణి సజీవంగా దహనం చేయించిందని, వంశంలో చివరివాడు చెవిటి మూగవాడై, తన కొడుకులందరినీ మట్టిలో కలిపాకే పోతాడని, తూర్పు నుంచి తెల్లముసుగుతో వచ్చే పడుచు తన చెల్లెల్ని చంపుతుందని అతను చెప్పిపోయాడని చెప్పుకుంటారు. చివరి సీఫోర్త్ ప్రభువు నిజంగానే చిన్నప్పుడు జ్వరంతో వినికిడి పోగొట్టుకున్నాడు; నలుగురు కొడుకులూ పోయాక 1815లో పోయాడు. పెద్ద కూతురు మేరీ భర్త, నౌకాసేనాని శామ్యూల్ హుడ్, 1814 డిసెంబరులో మద్రాసులో మరణించాడు. ఆమె వితంతువుల తెల్లటి తలముసుగుతో ఇంటికి తిరిగి వచ్చింది. 1823లో ఆమె తోలుతున్న గుర్రబ్బండి బోల్తాపడి చెల్లెలు చనిపోయింది. ఒళ్లు జలదరించే మాటే, కాకపోతే ఈ జోస్యాలను ఏర్చికూర్చిన పుస్తకం అచ్చయింది 1877లో. పాత రికార్డుల్లో దొరికే ఆ పేరుగల మాంత్రికుడు 1570లలో అరెస్టు వారంటు పుట్టినవాడు, కథలోని సీఫోర్త్ దంపతులకు దాదాపు వందేళ్లు ముందటివాడు. దుఃఖం ముందు వచ్చింది, జోస్యం దాని కొలతలకు తగ్గట్టు తరవాత కుట్టారు.

ఈ నవలలన్నిటికీ అసలు అస్థిపంజరం మాత్రం హైలాండ్స్‌లో దొరకదు. అది దక్షిణాన, ఇంగ్లండు సరిహద్దు సీమలో సెల్‌కిర్క్ దగ్గర, స్కాట్స్ భాషలో పాడుకున్న ‘ట్యామ్ లిన్’ గాథలో ఉంది; 1549 నాటికే ఆ కథ ప్రసిద్ధం. గుర్రం మీద నుంచి పడుతున్న ట్యామ్ లిన్‌ను పట్టుకుని యక్షిణుల రాణి తన లోకానికి తీసుకుపోయింది. ఏడేళ్లకోసారి ఆ లోకం నరకానికి కప్పం కట్టాలి, ఈసారి కప్పం తానే కావచ్చని అతని భయం. అప్పటికే అతనివల్ల గర్భవతి అయిన జానెట్‌కు ఉపాయం అతనే చెబుతాడు. హాలోవీన్ అర్ధరాత్రి ఊరేగింపులో నల్లగుర్రాన్ని, గోధుమరంగు గుర్రాన్ని పోనివ్వాలి, తెల్లగుర్రం మీదివాణ్ణి కిందికి లాగి పట్టుకోవాలి, ఏమైనా వదలకూడదు. ఆమె చేతుల్లోనే అతను పామవుతాడు, ఎలుగవుతాడు, సింహమవుతాడు, ఎర్రగా కాలిన ఇనుపకడ్డీ అవుతాడు, చివరికి నిప్పుకణిక అవుతాడు. దాన్ని బావినీళ్లలో పడేస్తే నగ్నంగా మనిషి లేస్తాడు, ఆమె తన ఆకుపచ్చ పైబట్ట కప్పుతుంది. ఇక్కడ మంత్రం లేదు, డ్రూయిడ్ లేడు, ఆమె రక్తంలో ఏ మహిమా లేదు. ఉన్నదల్లా వదలని పట్టు. నేటి నవలలు నాయికకు పుట్టుకతోనే మంత్రశక్తి ఇచ్చి జానెట్ చేసిన పనిని తేలిక చేశాయని నాకు అనిపిస్తుంది.

గాథ చివర పొదలోంచి మాట్లాడేది యక్షిణుల రాణి. ఇలా జరుగుతుందని ముందే తెలిసుంటే నీ రెండు కళ్లూ పీకి కొయ్యకళ్లు పెట్టి ఉండేదాన్ని అని ట్యామ్ లిన్‌తో అంటుంది. అప్పటికి అతని మీద ఆకుపచ్చ బట్ట పడిపోయింది.